మా అత్తయ్య బతకనివ్వని మరకలు

మా అత్తయ్య పోయిందని ఫోను వచ్చేసరికి నేను చిక్కడపల్లిలో ఒక బండి దగ్గర నిలబడి మిరపకాయ బజ్జీ తింటున్నాను. వార్త చెవిలో పడడం, బజ్జీలోంచి ఒక నూనె చుక్క నా చొక్కా జేబు మీద పడడం ఒకేసారి జరిగాయి. నా అరచెయ్యి దానంతటదే ఎగిరివెళ్ళి గుండెని కప్పేసింది. బజ్జీలాయన గరిటె వదిలేసి స్టూలు లాగాడు.

"కూసో అన్నా, జర నీళ్లు తాగు. ఎవరు పోయిన్రు?"

"మా మేనత్త."

"పాపం, శాన ప్రేమ ఉన్నట్టుంది."

ప్రేమా లేదు, గీమా లేదు. నేను మరక దాచుకున్నాను. ప్రాణం పోయినంత మాత్రాన ఆవిడ చూపు పోయిందని నమ్మడానికి నా శరీరం సిద్ధంగా లేదు. ఆ చూపు అశోక్‌నగర్‌లో ఆవిడ ఇంట్లో బయల్దేరి, గోడలు తొలుచుకుంటూ, బస్సుల కిందనుంచి దూరుతూ వచ్చి నా జేబు మీద వాలుతుందని నా చేతికి గట్టి నమ్మకం.

ఆవిడ మా నాన్నకి చెల్లెలు. మా తాతగారు గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద ఈ ఊరొచ్చినప్పుడు ట్రంకుపెట్టెలతో పాటు తెచ్చిన సామాన్లలో అన్నింటికన్నా బరువైనది ఆవిడేనని మా నాన్న అనేవాడు. మనుషుల మొహాలు చూసే అలవాటు ఆవిడకి లేదు. మెడ కింద మొదలుపెట్టి బొడ్డు దాకా చూసేది. అక్కడేమీ దొరక్కపోతే విసుగ్గా తలెత్తి, "నువ్వట్రా" అనేది. దొరికితే మాత్రం మన పేరు అక్కర్లేదు. "ఇదిగో, పులిహోర వచ్చాడు" అని లోపలికి కేకేసేది. ఒక నెలంతా నేను ఆ ఇంట్లో పులిహోరనే.

ఓసారి నల్లకుంటలో ఒక పెళ్ళికి వెళ్ళాం. తలంబ్రాల సమయంలో అందరూ అక్షింతలు పట్టుకుంటే, మా అత్తయ్య పెళ్ళికొడుకు తల్లి పట్టుచీర కొంగు పట్టుకుంది. దాన్ని వెలుగుకేసి తిప్పి చూసి, ఎంతో మర్యాదగా, మైకుకి అందేంత స్పష్టంగా అంది: "వదినగారూ, ఈ మరక ఇవాళ్టి భోజనాలది కాదు. పాత పెళ్ళిది. పెద్దకోడలి పెళ్ళిలో కట్టినదే రెండో కోడలికి కూడా కట్టారన్నమాట. పొదుపరులు." ఆ తల్లి ఏడ్చిన ఏడుపుకి సన్నాయి ఆయన అప్పగింతలు వచ్చేశాయేమోనని రాగం మార్చేశాడు.

మా మామయ్య మీద జరిగింది చెప్పాలంటే నాకు నోరు రాదు, అయినా చెబుతాను. ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా. సాయంత్రం ఇల్లు చేరగానే హాజరుపట్టీలో సంతకం పెట్టినట్టు రెండు చేతులూ చాచి నిలబడేవాడు. ఆవిడ కఫ్‌లు తిప్పి చూసేది. "ఇవాళ మూడు గంటలకి గారెలు తిన్నారు. మీ పక్క సీటాయన కూడా తిన్నాడు, ఎడమచేతి వైపు చింది మీ మీద పడింది." ఆయన మొదట గారెలు మానేశాడు, తరవాత పక్క సీటాయనతో మాట్లాడడం మానేశాడు, చివరికి ఇంట్లో మాట్లాడడం కూడా మానేశాడు. ఆయన పోయినరోజు ఆవిడ ముందు చూసింది నాడి కాదు, బనీను. "ఏమీ లేదు. శుభ్రంగానే వెళ్ళారు" అంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయనకి దక్కిన మెచ్చుకోలు అదొక్కటే. అదీ వినే భాగ్యం లేకుండా పోయింది.

ఇంత చేసేది కదా, మరక తియ్యడం వచ్చా అంటే, వచ్చు. పెరట్లో చాకిరేవు బండ దగ్గర ఆవిడ కూర్చుంటే ఆపరేషన్ థియేటర్‌లో దీపం వెలిగినట్టు ఉండేది. మొహానికి రాసుకునే పౌడరు మరక మీద గుట్టగా పోసి నూనె పీల్చేదాకా కదలనిచ్చేది కాదు. తరవాత గిన్నెల సబ్బు ఒక బొట్టు, వేణ్ణీళ్ళు, మామయ్య వదిలివెళ్ళిన ఏకైక ఆస్తి అయిన పాత పళ్ళ బ్రష్షు. రుద్దేది కాదు. "రుద్దితే లోపలికి పోతుందిరా. పైకి పిలవాలి" అనేది. నిజంగానే పిలిచేది. "రా తల్లీ, రా. ఎంతసేపు దాక్కుంటావమ్మా? నేనున్నాగా, రా." కడుపున పుట్టిన కూతుర్ని కూడా ఆ గొంతుతో పిలవగా నేను వినలేదు. ఆ పిలుపుకి మోసపోయి పైకొచ్చిన మరకని వేణ్ణీళ్ళతో చంపేసేది.

ఆ కూతురు, అంటే మా మరదలు, దోమలగూడలో ఒక బళ్ళో టీచరు. ఒక్కతే సంతానం. మేడ మీద గదులు మా అత్తయ్య పోటీ పరీక్షలకి చదివే కుర్రాళ్ళకి కిరాయికిచ్చేది. అశోక్‌నగర్‌లో రాయి విసిరితే గ్రూప్స్‌కి చదివేవాడి నెత్తినే పడుతుంది, వాడు ఆ రాయి ఏ యుగానిదో చెప్పి మళ్ళీ చదువుకుంటాడు. అలా చదువుకుంటున్న వాళ్ళలో ఒకాయన ఊరినుంచి వచ్చిన సన్నపాటి మనిషి. తెల్ల చొక్కా. ఆ చొక్కా మీద ఎన్నడూ మరక లేదు. మా మరదలు అతన్ని చేసుకుంటానన్నప్పుడు చుట్టాలంతా కులం, ఊరు, యాస అని గోలపెడితే, మా అత్తయ్య ఒక్కతే సరేనంది. మేం ఆవిడ విశాల హృదయానికి ఆశ్చర్యపోయాం. విశాలం ఏమీ కాదు. ఆవిడ కళ్ళకి అతను అప్పటికే జీపులో కూర్చున్న ఆర్డీవో.

పెళ్ళయింది. పరీక్ష వాయిదా పడింది. మళ్ళీ పడింది. ఆయనకి ఖాళీగా కూర్చోవడం చేతకాక మేడ మీది కుర్రాళ్ళ బైకులు బాగుచేస్తూ ఉండేవాడు. ఒకరోజు పుస్తకాలన్నీ కట్టకట్టి మంచం కిందకి తోసి, నారాయణగూడలో ఒక సందులో రేకుల షెడ్డు తీసుకుని మెకానిక్ అయిపోయాడు. ఆ సాయంత్రం ఖాకీ చొక్కాలో ఇంటికొచ్చాడు. చొక్కా మీద ఖాకీ ఎక్కడుందో వెతుక్కోవాలి, మిగతాదంతా ఇంజనాయిలు. నేను వరండాలో కాఫీ తాగుతున్నాను.

"అల్లుడుగారూ, అక్కడే ఆగండి" అంది మా అత్తయ్య.

"ఏమైంది అత్తమ్మా?"

"అత్తమ్మ కాదు, అత్తయ్యగారు. ఆ చొక్కా విప్పండి."

"ఈడనా? గేటు కాడనా? పైన పోరగాళ్ళు చూస్తున్రు."

"చూడనివ్వండి. చదువు మానేస్తే ఏమవుతుందో వాళ్ళకీ తెలియాలి కదా."

ఆయన విప్పాడు. ఆవిడ ఆ చొక్కాని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలకని తోక పట్టుకుని తీసుకెళ్ళినట్టు పెరట్లోకి తీసుకెళ్ళింది. ఆవిడ జన్మలో అల్లుణ్ణి 'మీరు' అనకుండా ఒక్కమాట అనలేదు. ఆ మీరుతోటే, ఆ గారుతోటే ఆయన చర్మం ఒలిచేది.

అది రోజువారీ కార్యక్రమం అయింది. సాయంత్రం గేటు దగ్గర చొక్కా విప్పడం, పొద్దున్న అదే చొక్కా కవాతుకి వెళ్ళే పోలీసు చొక్కాలాగా మడత నలక్కుండా తిరిగి రావడం. వీధిలో ఎవరైనా "మీ అల్లుడేం చేస్తాడండీ" అంటే "ఆటోమొబైల్ శాఖలో ఉన్నారు" అనేది. అలాంటి శాఖ ప్రభుత్వానికే తెలియదు. పక్కింటి పెద్దాయన ఆ మాట నమ్మి తన మేనల్లుడి బదిలీ అర్జీ పట్టుకొచ్చాడు. అల్లుడుగారు చేతులు జోడించి, "సార్, నా దగ్గర పంచర్లే ఉన్నయ్, పోస్టింగులు లేవు" అన్నాడు. మా అత్తయ్య నవ్వి, "పెద్ద ఆఫీసర్లు ఇలాగే సరసాలాడతారండీ" అని అర్జీ తీసుకుని దాచింది.

ఇంట్లో ఇది సరదాగానే ఉంది, నాకైతే మరీ సరదాగా ఉంది. షెడ్డులో మాత్రం లేదు. నా స్కూటరు క్లచ్చు పట్టేస్తే ఒకరోజు అక్కడికి తీసుకెళ్ళాను. నేనుండగానే ఒక గిరాకీ బండి తోసుకుంటూ వచ్చి, అల్లుడిగారి వంక చూసి, ఆయన వెనక్కి తొంగి చూశాడు.

"మెకానిక్ లేడా అన్నా?"

"నేనే."

"నువ్వా?" అతను ఆ ఇస్త్రీ మడతల్ని పైనుంచి కిందకి చూశాడు. "లోన్ కట్టించుకునెటోడివి అనుకున్న. సరే తియ్, మల్లొస్త."

అతను మళ్ళీ రాలేదని వేరే చెప్పక్కర్లేదు. మరకలేని మెకానిక్‌ని, బక్కచిక్కిన వంటవాణ్ణి, నవ్వే బ్యాంకు మేనేజర్ని మన జనం నమ్మరు. అల్లుడుగారు లేచి, మూలనున్న వాడేసిన ఆయిలు డబ్బాలో రెండు వేళ్ళు ముంచి, అద్దం ముందు నిలబడి, గుండె మీద ఒకటి, పొట్ట మీద ఒకటి పూసుకున్నాడు.

"ఇదేమిటయ్యా?" అన్నాను.

"ఏం చెయ్యాలె అన్నా? పొద్దుమూకి ఆమె తీసేస్తది, పొద్దుగాల నేను పెట్టుకుంట. ఇట్లనే నడిస్తే షెడ్డు మూసుడే. ఆమెకు గావాల్సింది గదే. మంచం కింద పుస్తకాలకు దుమ్ము పట్టకుండ రోజు తుడుస్తున్నది, తెల్సా?"

ఆ సాయంత్రం ఆ రెండు మరకల్నీ చూసి మా అత్తయ్య మొహం వెలిగిపోయింది. కూతుర్ని పిలిచి చూపించింది. "చూశావుటే, ఇవి పనిలో పడ్డవి కావు. పూసుకున్నవి. పాపం అల్లుడుగారికి పని లేదు."

"అమ్మా, ఆయన్ని వదిలెయ్యవే" అంది మా మరదలు.

"నేనేమన్నానే? జాలిపడ్డాను."

ఆ షెడ్డు బతకడానికి ఒక్క దారి కనిపించింది. రాంనగర్‌లో ఒకాయన ఇళ్ళకి సామాన్లు చేరవేసే బైకులు తిప్పుతాడు. ఆ బళ్ళన్నీ ఒక్కచోటే బాగుచేయించాలని షెడ్డు చూడ్డానికి వస్తానన్నాడు. అవి వస్తే ఇక గిరాకీ కోసం మొహం వాచనక్కర్లేదు. అవి రాకపోతే మంచం కింద కట్ట విప్పుకోవాల్సిందే. అంతకుముందు సాయంత్రం అల్లుడుగారు గేటు దగ్గర చొక్కా ఇవ్వకుండా తప్పించుకుని, ఆ మురికి చొక్కాతోనే పొద్దున్నే వెళ్ళిపోయాడు. నిజమైన మరకలతో ఆ రాంనగర్ ఆయనకి కనపడాలని ఆశ.

మా అత్తయ్యకి అది ఇంట్లోంచి నగ ఎత్తుకెళ్ళినట్టు అనిపించింది. సంచిలో పౌడరు డబ్బా, సబ్బు సీసా, మామయ్య బ్రష్షు, ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు పెట్టుకుని ఆటో ఎక్కి షెడ్డులో దిగింది. అప్పుడే ఆ రాంనగర్ ఆయన పానాలు పట్టుకుని చూస్తున్నాడట. ఆవిడ ఆయన్ని గోడకింద లెక్కగట్టి, సరాసరి అల్లుడి ఒంటి మీదున్న చొక్కాకే పౌడరు కొట్టడం మొదలుపెట్టింది.

"కదలకండి అల్లుడుగారూ. కదిలితే లోపలికి పోతుంది."

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు రాంనగర్ ఆయన.

"వీరి అత్తగారిని. వీరు గ్రూప్స్‌కి చదువుతున్నారు. ఇదంతా తాత్కాలికం."

తాత్కాలికం! మామయ్య ఆఫీసునుంచి ఆవిడ నేర్చుకున్న ఒకే ఒక్క మాట. సెలవులో పోయినవాడి కుర్చీలో కూర్చునేవాణ్ణి అనే మాట. రాంనగర్ ఆయన పానా కింద పెట్టేశాడు. "గిది టెంపరరీయా? రేపు నువ్వు ఆఫీసరయితే నా బండ్లు ఎవలు జూస్తరన్నా?" అని వెళ్ళిపోయాడు. ఆవిడ ఫ్లాస్కు మూత తిప్పుతూ, "నీళ్ళు చల్లారకముందే వెళ్ళాడు, మంచివాడు" అందిట. ఈ ముక్క అల్లుడుగారు నాకు చెప్పినప్పుడు నేను నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాను.

ఆ రోజునుంచి ఆయన ఖాకీ చొక్కాలు షెడ్డులోనే వదిలేసి, తెల్ల చొక్కా వేసుకుని ఇంటికి రావడం మొదలుపెట్టాడు. గేటు దగ్గర ఆవిడ చెయ్యి చాచేది. ఆయన రెండు చేతులూ ఎత్తి, బట్టల కొట్లో బొమ్మలాగా గుండ్రంగా ఒక చుట్టు తిరిగేవాడు.

"చూడున్రి అత్తమ్మా, ఒక్క మరక లేదు. ఆర్డీవో లెక్కున్న గదా?"

"ఖాకీ చొక్కా ఏది?"

"ఏ ఖాకీ? ఆటోమొబైల్ శాఖల ఖాకీ ఉండదు గదా."

ఆవిడ నోట మాట పడిపోవడం చూసిన మొదటి తరం మాదే. వారం తిరక్కుండా మనిషి దిగజారింది. పైవాళ్ళు ఆరేసిన బట్టలు లాగేసి ఉతికేది. శుభ్రంగా ఉన్న కర్టెన్లని పిలిచేది, పాపం అందులోంచి ఎవరూ పైకి వచ్చేవారు కాదు. నన్ను పిలిచి, నూనె ఓడుతున్న పూరీలు పెట్టి, ఎదురుగా కూర్చుని నా చొక్కా వంకే ఆశగా చూసేది. నేను ఒళ్ళో పేపరు పరుచుకుని, ముందుకి వంగి, యోగాసనం వేసినట్టు తిని, ఒక్క చుక్క రాల్చకుండా లేచేవాణ్ణి. "బాగా తిన్నావురా" అనేది, తద్దినం భోక్తకి చెప్పినట్టు. ఆవిడ వేళ్ళు ఖాళీగా ఉండలేక కొంగు అంచు నలుపుతూ ఉండేవి. మా మరదలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అల్లుడుగారు మాత్రం ప్రతి సాయంత్రం గేటు దగ్గర మరింత నాజూగ్గా తిరిగేవాడు. ఆ ఇంట్లో చేరినందుకు ఆయనకీ మర్యాదగా చర్మం ఒలిచే విద్య అబ్బింది.

అక్కడ షెడ్డులో చొక్కాలు ఉతుకు లేక, మరక మీద మరక పడి, విప్పి నేలమీద పెడితే వాటంతటవే నిలబడే స్థితికి వచ్చాయి. గిరాకీ చీమల్లా వచ్చింది. రాంనగర్ ఆయన కూడా మళ్ళీ వచ్చాడు. నా స్కూటరు ఆ రోజు కూడా అక్కడే ఉంది. అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

"పని మంచిగ చేస్తున్నవని అందరు చెప్తున్రు," అన్నాడాయన. "కని మీ అత్త ఆ దినం టెంపరరీ అన్నది. గది నా మనసుల పడ్డది. నేను బండ్లన్ని నీ మీద వడేసినంక నువ్వు పరీక్ష పాసైతే?"

అల్లుడుగారు జవాబు వెతుక్కుంటుండగా సందు మొదట్లో ఆటో ఆగింది. మా అత్తయ్య దిగింది. సంచీ లేదు, బ్రష్షు లేదు. షెడ్డులో మూల కుప్పగా పడున్న ఖాకీ చొక్కాల్ని చూసి, అన్నం చూసినవాళ్ళలా నిలబడిపోయింది.

"అల్లుడుగారూ, అవి ఇలా ఇవ్వండి" అంది.

ఆయన పక్కనున్న బండి స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తిప్పాడు. "ఏమన్నరు అత్తమ్మా? సప్పుడుల ఇనొస్తలేదు."

"చొక్కాలు! చొక్కాలు ఇవ్వండి!"

"ఎవరి చొక్కాలు?"

"మీవి."

"నేనెవర్ని?"

ఆవిడకి అర్థమైంది. సందులో చాయ్ తాగుతున్నవాళ్ళు గ్లాసులు దించారు. ఎదురుగా పంక్చరు వేస్తున్నవాడు ట్యూబు వదిలేశాడు. అల్లుడుగారు ఇంకా తిప్పాడు. పొగ ఆవిడ మొహాన కొట్టింది. ఇంకొకరైతే జాలిపడి ఆపేసేవారు. ఆయన ఆపలేదు, నేనూ ఆపమనలేదు. నిజం చెప్పాలంటే ముందు వరసలోకి జరిగాను.

"మెకానిక్కు!" అంది ఆవిడ.

"ఇనపడలే."

"మెకానిక్కు! మీరు మెకానిక్కు!" అని అరిచింది. అరిస్తే ఆవిడ జడ ముడి ఊడిపోయింది.

"టెంపరరీయా అత్తమ్మా?"

ఆవిడ చొక్కాల కుప్ప వంక చూసింది. రాంనగర్ ఆయన వంక చూసింది, మొదటిసారి ఆయన గోడ కాదని గమనించినట్టు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొగ వల్ల అని ఆవిడ చనిపోయేదాకా వాదించింది.

"పర్మినెంటు!" అని కేకేసింది. ఆ కేక దోమలగూడ బళ్ళో పాఠం చెబుతున్న కూతురికి కూడా వినపడి ఉంటుంది. "మా అల్లుడు పర్మినెంటు మెకానిక్కు! చాలా?"

ఆయన బండి ఆపేశాడు. సందులో ఎవరో చప్పట్లు కొట్టారు. రాంనగర్ ఆయన తల ఊపి, "అయితే రేపు బండ్లు పంపిస్త" అన్నాడు.

అల్లుడుగారు కుప్పనంతా ఎత్తి, ఒక పాత టైరు ట్యూబుతో మూటకట్టి, ఆవిడ చేతుల్లో పెట్టాడు. అంత బరువు మూటని ఆవిడ పసిబిడ్డని అందుకున్నట్టు అందుకుంది. ముడి కొద్దిగా వదులుచేసి పై చొక్కా చూసింది, వాసన చూసింది. వెంటనే ఆ పాత చూపు తిరిగొచ్చింది.

"ఇంత ఒలకబోసుకున్నారేమిటండీ? పని తెలిసిన మెకానిక్కు ఎవరైనా ఇలా ఒంటినిండా పోసుకుంటాడా? మెకానిక్ అన్నాక చెయ్యి కుదురుగా ఉండాలి అల్లుడుగారూ."

సందంతా గొల్లుమంది. గెలిచిన మనిషి మొహం అంత తొందరగా వాడిపోవడం నేనెక్కడా చూడలేదు. ఆయన తల గోక్కుని, ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఎప్పటికైతయ్ అత్తమ్మా?" అని అడిగాడు.

ఆవిడ మూట చంకనెత్తుకుని ఆటో ఎక్కుతూ, వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"రేపు సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళండి. చెప్పిన రోజుకి ఇవ్వకపోవడానికి నేనేమన్నా మెకానిక్‌నా?"